ఎడమ లైను ఖాళీ లేదు

నరసన్నపేట,
నవంబరు 25.

చిరంజీవి భరణికి,

ఆశీస్సులు ఎప్పుడూ ఉండేవే, వాటికి వేరే వాక్యం రాయను.

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకని మీ నాన్న అడిగాడు. ఫోనులో నువ్వు "ఊఁ" అంటూ వేరే పని చూసుకుంటావు. కాగితం మీద "ఊఁ" అని రాసి పంపలేవు కదా, అందుకని.

కోయంబత్తూరులో కారు కొన్నావు, సేలం దాకా నడిపావు, సంతోషం. అక్కడి లారీలు బుద్ధిగా ఎడమ లైనులో పోతాయనీ, కుడి లైనుని ముందు బండిని దాటడానికి వాడుకుని వెంటనే పక్కకి తప్పుకుంటారనీ రాశావు. ముప్పై రెండేళ్ళు సోషల్ పాఠం చెప్పినదాన్ని. పరాయి ప్రాంతాల ఆచారాల మీద నాకు గౌరవం ఉంది. మనవి కూడా కొంచెం తెలుసుకో.

ఇచ్ఛాపురం మీదుగా వచ్చే ఒడిశా లారీ రెండు లైన్ల మధ్య తెల్లగీతని సరిగ్గా తన పొట్ట కిందకి తీసుకుని నడుస్తుంది. ఆ గీత గీసింది తన కోసమేనని ఆ డ్రైవరు నమ్మకం. విజయనగరం వాళ్ళు ఇంటి దగ్గర వేసిన ఇండికేటరు మళ్ళీ ఇంటికొచ్చాకే ఆపుతారు. మీ అమ్మ పుట్టిల్లు కనక ఇంతకు మించి రాయను. విశాఖపట్నం వాళ్ళకి లైన్లతో పని లేదు, హారన్ ఉంది. ఇక మన జిల్లాలో ఎడమ లైను రోడ్డు కాదు, కళ్ళం. కోతలు మొదలైన దగ్గర్నుంచి దాని మీద ధాన్యం ఎండుతుంది, ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ధాన్యం లేని చోట ఆటో ఆగి ఉంటుంది. ఆటో కూడా లేని చోట ఎదురుగా ఒక మోటారు సైకిలు వస్తుంది. దాని మీద ముగ్గురుంటారు. తప్పుదారిలో వస్తున్నది మనమే అన్నట్టు ముగ్గురూ మనకేసి చూస్తారు.

అందుచేత నేను కుడి లైనులో పోతాను. డివైడరు మీద గన్నేరు పూలు చూసుకుంటూ నలభైలో పోతాను. తొందరున్న వాళ్ళు ముందురోజు బయలుదేరవచ్చు.

మా బడిలో ఆయాగా చేసిన జగ్గమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. ఉద్దానం మనిషి. అక్కడ చాలామందికి పోయినట్టే ఆమె కిడ్నీలూ పోయాయి. సోమవారం, గురువారం టెక్కలి ఆసుపత్రిలో డయాలసిస్. వెనకా ముందూ ఎవరూ లేరు, బస్సు ఎక్కే ఓపిక లేదు. ఏడాదిగా నా కారులోనే వెళ్ళి వస్తోంది. వారానికి రెండు రోజులు ఆ కారు కదిలితేనే ఆమె బతుకు కదులుతుంది. ఈ ముక్క మీ నాన్నకి ఎక్కడం లేదు. "నీ మీద ఇంకొక్క మాట వచ్చిందంటే కారు తాళం తీసేసుకుంటానమ్మా, డెబ్బై రెండేళ్ళొచ్చాయి" అన్నాడు. "నువ్వు పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పినా నేను నీ పలక తీసేసుకోలేదురా" అన్నాను. చెప్పులేసుకుని ఎరువుల కొట్టుకి పోయాడు.

మామ్మ

*

కోయంబత్తూరు,
డిసెంబరు 2.

మామ్మా,

"ఇంకొక్క మాట" అని రాశావు. మొదటి మాట ఏమిటో నువ్వు రాయలేదు. నాన్న పంపాడు.

బస్సు ముందు సీటులోంచి ఎవరో తీసిన వీడియో. పేరు 'కోటబొమ్మాళి రథోత్సవం'. ముందు తెల్ల కారు, దాని వెనక బస్సులు, గ్రానైటు లారీలు, ఒక పెళ్ళి వ్యాను. నేను లెక్కపెట్టాను, ఇరవై మూడు బళ్ళు. నలభై ఒక్క వేల మంది చూశారు. మా ఆఫీసులో రేఖకి తెలుగు రాదు, అయినా మూడుసార్లు చూసింది. బస్సు డ్రైవరు గొంతు స్పష్టంగా వినిపిస్తోంది: "ఎంత హారన్ కొట్టినా లాభం లేదురా. ఆయమ్మ మేళం అనుకుంటన్నాది."

నవ్వాను. తర్వాత భయం వేసింది. నువ్వు నలభైలో కుడి లైను పట్టుకుంటే వెనకవాడు ఎడమ నుంచి దాటబోతాడు. అక్కడ ధాన్యం, రాళ్ళు. వాడు జారితే? జారి నీ మీదకి వస్తే? నీకేమైనా అయినా, నాన్న తాళం తీసేసుకున్నా, ముందు దెబ్బ తగిలేది జగ్గమ్మకి. ఇది నువ్వు చెప్పిన ముక్కే, నీకే తిప్పి చెబుతున్నాను.

ఎడమ లైను ఖాళీ దొరికిన చోటల్లా అందులోకి వెళ్ళు. ఆ ధాన్యం వాళ్ళ మీద హైవే ఆఫీసుకి ఫిర్యాదు రాయి. రాయడం నీకు రాకపోతే కదా.

భరణి

*

నరసన్నపేట,
డిసెంబరు 8.

భరణీ,

నలభై ఒక్క వేల మంది. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నా పాఠం అంతమంది వినలేదు, విన్న వాళ్ళలో సగం నిద్రపోయారు.

నువ్వు ఎడమకి పొమ్మన్నావు, పోయాను. వంద గజాలు పోయానో లేదో వెనక సీటులోంచి జగ్గమ్మ, "ఏటి టీచరమ్మా, ఈ పక్కకొచ్చినారు? మన లైను అది కదా" అంది. ఏడాది నా కారెక్కి ఆమె కూడా చెడిపోయింది. ఇంకో వంద గజాలకి ధాన్యం మొదలైంది. నడుం పట్టేలా బ్రేకు వేశాను. మళ్ళీ కుడి లైనులోకి రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఎవరూ దారివ్వరు. వీళ్ళందరికీ నేను ఎన్నిసార్లు దారివ్వలేదో గుర్తుపెట్టుకున్నట్టున్నారు.

నీ రెండో సలహా బాగుంది. ఫిర్యాదు రాశాను, నాలుగు పేజీలు. "జాతీయ రహదారిని సొంత పెరడుగా భావించు బాధ్యతారహితులైన కొందరు" అని ఎత్తుకున్నాను. కోటబొమ్మాళి దాటాక మూడు తాటిచెట్ల ఎదురుగా, పసుపు పరదా కప్పిన గుట్ట దగ్గర్నుంచి రెండు ఫర్లాంగుల పొడుగున ఉందని ఆనవాళ్ళు ఇచ్చాను. దారి పొడుగునా ఇన్ని ఉన్నా అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా సిగ్గులేనిది అదే. "ఇట్టివారిపై ఏ విధమైన దయా చూపరాదని ప్రార్థన" అని ముగించాను.

మీ నాన్న చదివి, "ఎవరిదో కనుక్కున్నావా?" అన్నాడు. దొంగ పేరు తెలిస్తేనే దొంగతనం అవుతుందా అని అడిగాను. రిజిస్టరు పోస్టులో పంపాను.

మామ్మ

*

కోయంబత్తూరు,
డిసెంబరు 12.

మామ్మా,

ఆ నాలుగు పేజీల నకలు పంపు. ఇక్కడ ఫ్రేము కట్టించి పెట్టుకుంటాను. ఆఫీసు వాళ్ళు వచ్చాక ఏమైందో ఒక్క ముక్క వదలకుండా రాయాలి. ఆ సిగ్గులేని వాడి మొహం ఎలా ఉందో ముఖ్యంగా రాయాలి.

భరణి

*

నరసన్నపేట,
డిసెంబరు 16.

చిరంజీవి సౌభాగ్యవతి భరణికి మామ్మ అనేక దీవెనలు.

నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం. పొద్దున్నపూట చలి గట్టిగా ఉంది. మల్లెమొక్కలకి కొమ్మలు కత్తిరించాను.

హైవే వాళ్ళు మనిషిని పంపారు. చాలా మర్యాదగా మాట్లాడాడు. వివరాలు అంత ముఖ్యం కాదు. కారు కొన్నాళ్ళు విశ్రాంతిలో ఉంది. జగ్గమ్మకి వేరే ఏర్పాటు జరిగింది.

అక్కడ సాంబారులో బెల్లం వేస్తారా?

మామ్మ

*

కోయంబత్తూరు,
డిసెంబరు 20.

మామ్మా,

నీ ఉత్తరంలో ఒక్క వెటకారం లేదు. పెళ్ళి కాని నన్ను సౌభాగ్యవతిని కూడా చేశావు. చదవగానే నాన్నకి ఫోను చేశాను. నీకు చేస్తే రెండు రోజులుగా ఎత్తడం లేదు.

నాన్న అంతా చెప్పాడు. పన్నెండో తారీకున హైవే పెట్రోలింగు కూర్మయ్య నీ నాలుగు పేజీలూ చేతపట్టుకుని మన ఇంటికే వచ్చాడట. "అమ్మా, ఇది రాసింది మీరే కదా? ఆ ధాన్యం కూడా మీదేనంట కదమ్మా. దయ సూపొద్దనీసి రాసినారు. నానేటి సెయ్యమంటారు?" అన్నాడట.

తాటిచెట్ల వెనక పొలం మనదని నీకు తెలియదా? కౌలుకి చేస్తున్నది అప్పలసూరి అని తెలియదా? నువ్వు అతన్ని పిలిపించి కేకలేశావట. అతను అన్న మాట కూడా నాన్న చెప్పాడు: "తేమ ఆరకపోతే ధాన్యం కొనరు కదమ్మా. నిరుడు మీ పెరట్లో ఆరబోస్తానంటే మల్లిమొక్కలు పాడైపోతాయనీసి మీరే వద్దన్నారు. ఎక్కడో దగ్గిర ఎండబెట్టుకో, నన్నడక్కు అన్నారు. అడగలేదు మరి."

ఇది నవ్వుకునే సంగతే. తర్వాతది కాదు. నాన్న ఆ పూటే తాళం తీసుకుని జగ్గమ్మకి ఆటో కుదిర్చాడు. సోమవారం ఆటో వెళ్తే "ఒంట్లో బాగానే ఉన్నాది, గురువారం ఎల్తాను" అని తిప్పి పంపిందట. గురువారం కూడా అంతే. నాన్నకి ఆ సంగతి ఆటో అతను నిన్న చెప్పాడు. వారం రోజులుగా ఆమెకి డయాలసిస్ లేదు మామ్మా. నువ్వు "వేరే ఏర్పాటు జరిగింది" అని రాశావు. సోమవారం ఆమె వెళ్ళలేదని మంగళవారం ఆ ఉత్తరం రాసేటప్పటికి నీకు తెలుసా, తెలియదా?

ఎల్లుండి సోమవారం నాన్న స్వయంగా తీసుకెళ్తానన్నాడు. ఈ ఉత్తరం అందగానే నువ్వూ ఆమె ఇంటికి వెళ్ళి చూడు.

భరణి

*

నరసన్నపేట,
డిసెంబరు 24.

భరణీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. నువ్వడిగిన దానికి ముందు జవాబు రాస్తాను. తెలుసు.

జగ్గమ్మ ఆటో తిప్పి పంపిందని సోమవారం సాయంత్రమే తెలుసు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేని మనిషి, మీ నాన్న మనిషిని పెట్టి పంపిన ఆటో ఎక్కడానికి మొహమాటపడింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని ఎక్కిస్తే ఎక్కేది. వెళ్ళలేదు. ఒక్క పూట తప్పితే మీ నాన్నే పరిగెత్తుకొచ్చి తాళం నా చేతిలో పెడతాడనుకున్నాను. ఇంతకన్నా మర్యాదగా ఆ సంగతి రాయడానికి రెండు కాగితాలు చింపాను, కుదరలేదు.

ఆదివారం పది గంటలకి జగ్గమ్మ పక్కింటి యమున వచ్చి పిలిచింది. వెళ్ళేసరికి జగ్గమ్మ మంచం మీద కూర్చుని ఉంది, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. నన్ను చూసి, "సెలవు రోజు మిమ్మల్ని లేపీసినారా టీచరమ్మా" అంది. అంబులెన్సు వచ్చింది. మీ నాన్న కొట్టు పని మీద శ్రీకాకుళంలో ఉన్నాడు. నేనే ఎక్కాను.

డ్రైవరు గోపి అని, పాతికేళ్ళుంటాయి. కోటబొమ్మాళి దాకా బాగానే వచ్చాడు. అక్కడ ముందొక బూడిదరంగు కారు. కుడి లైను. నలభై.

సైరన్ మోగుతోంది. గోపి హారన్ కొట్టాడు, లైట్లు వేశాడు. ఆ కారు కొంచెం కూడా బెదరలేదు. వెనకనుంచి ఆ తల కనిపిస్తోంది. నెరిసిన జుట్టు, నిటారుగా కూర్చున్నాడు. పక్కకి తప్పుకోవాలంటే ఎడమన ధాన్యం.

"ఏం చెయ్యడం బాబూ?" అన్నాను.

"ఈ బాపతోలు ఇంతేనమ్మా. రోడ్డు ఆల తాత కట్టించినట్టు ఎల్తారు. ఈ రూటులో ఒక తెల్ల కారు ముసలమ్మ ఉన్నాదిలెండి, ఆవిడకన్నా ఈయన నయం. ఆవిడైతే సైరన్ ఇంటే ఇంకా నెమ్మదిస్తాది."

"ఆవిడ నాకు తెలుసు" అన్నాను.

"అయితే కొంచెం సెప్పండమ్మా."

వెనక జగ్గమ్మ ఊపిరి తీస్తున్న చప్పుడు సైరన్‌లో కూడా వినిపిస్తోంది. తాటిచెట్లు వచ్చాయి. పసుపు పరదా వచ్చింది. కళ్ళముందు ఎడమ లైను పొడుగునా ధాన్యం, రెండు ఫర్లాంగులు, అరచేతి మందాన, చూడముచ్చటగా.

"ఎడమకి తిప్పు" అన్నాను. "ధాన్యం మీంచి పోనీ."

"తొక్కితే రైతులు కొడతారమ్మా. మొన్న ఒక బండి అద్దం పగలగొట్టీసినారు. ఎవరిదో ఏటో."

"అదీ నాకు తెలుసు. నాదే. తొక్కించు."

రాళ్ళున్నాయి కదా. దిగాను. మొదటి రాయి దొర్లిస్తుంటే అప్పలసూరి కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఎవులే అది, రాళ్ళు తీస్తన్నాది" అని దగ్గరికొచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. "ఏటమ్మా ఇది, పంట కదమ్మా" అన్నాడు. అంబులెన్సు వెనక అద్దంలోంచి జగ్గమ్మ కనిపించింది. ఇంకేమీ అడక్కుండా కర్ర పారేసి వాడూ వంగాడు. నేను ఎత్తినవి రెండు రాళ్ళు. మిగతావి వాడే తీశాడు.

పోయాం. టైర్ల కింద ధాన్యం నలుగుతుంటే ఒకటే చిటపట. మేం రాళ్ళు తీస్తుంటే వింత చూడటానికి కుడి లైనులోనే ఆగిపోయిన ఆ బూడిదరంగు కారుని దాటుతున్నప్పుడు లోపలి మనిషిని చూశాను. తెల్ల చొక్కా, రెండు చేతులూ స్టీరింగు మీద. ఏ పాపం ఎరగని మొహం. తన వల్ల ఎవరికైనా ఇబ్బంది కలుగుతుందని చెబితే బాధపడే రకం. మాకేసి చూసి, ధాన్యం తొక్కుతున్నామని తల అడ్డంగా ఊపాడు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పారు. ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదన్నారు. నాలుగు గంటలు మెషీను మీద ఉంచాక జగ్గమ్మ కళ్ళు తెరిచి టీ అడిగింది. టీ ఇవ్వకూడదన్నారు. అప్పుడు తిట్టింది. ఆమె ఎవరినైనా తిట్టడం నేను వినడం ఇదే మొదటిసారి. ప్రాణం లేచొచ్చింది.

ధాన్యం ఎంత పోయిందని మాత్రం అడక్కు. అప్పలసూరి వాటాకి నా వాటా లోంచి ఇచ్చాను, ఆ మాట వాణ్ణి అడిగి తెలుసుకోవచ్చు, నా మాట నమ్మకపోతే. ఈ మధ్య నమ్మకపోవడం నీకు న్యాయమే.

మామ్మ

*

కోయంబత్తూరు,
డిసెంబరు 30.

మామ్మా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను, చదవకుండా ఉండాల్సింది. రేఖ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తిట్టాలని చాలా రాసుకున్నాను. సగం నువ్వే రాసేశావు కనక అది చింపేశాను. ఇప్పుడు సంగతి చెప్పు. జగ్గమ్మని ఎవరు తీసుకెళ్తున్నారు? తాళం ఎవరి దగ్గర ఉంది? నాన్నని అడిగితే "మీ మామ్మనే అడుగు" అంటున్నాడు. ఆ గొంతు వింటే నాన్నకేదో శిక్ష పడినట్టుంది.

భరణి

*

నరసన్నపేట,
జనవరి 9.

భరణీ,

తాళం మీ నాన్న దగ్గరే ఉంది. తిరిగి ఇవ్వబోయాడు. పాపం, ఆసుపత్రిలో జగ్గమ్మని చూసి మనసు కరిగింది. నేను తీసుకోలేదు. "తాళం నీదిరా నరసింగా. దాంతోపాటు జగ్గమ్మ కూడా నీదే. సోమ, గురువారాలు తొమ్మిదింటికి. కొట్టు మధ్యాహ్నం తెరుచుకో" అన్నాను. మనిషి అలా నిలబడిపోయాడు. లెక్కల్లో రెండోసారి తప్పినప్పుడు కూడా అలాగే నిలబడ్డాడు.

నేను మళ్ళీ నడపను. చేతకాక కాదు. గోపి మాట ఒకటి చెవిలో ఉండిపోయింది, స్టీరింగు పట్టుకుంటే వినిపిస్తుంది.

మిగిలిన ధాన్యం మన పెరట్లోకి తెప్పించాను. చాలకపోతే మేడ మీదకి ఎక్కించారు. మల్లెమొక్కలు పోయాయి. అప్పలసూరి వాటి మీంచి బస్తాలు లాగుతూ, "సూసుకోండమ్మా, నానైతే అడిగినాను" అన్నాడు. వాడికిది జన్మలో రాని అవకాశం, కాదనలేదు.

ఇక రోడ్డు మాట. మూడు తాటిచెట్ల ఎదురుగా రెండు ఫర్లాంగుల ఎడమ లైను ఖాళీ అయింది. ముందర సర్పంచి గారి ధాన్యం, వెనక ఇంకెవరిదో, మధ్యలో మా త్యాగం. ఒక్క రోజు ఖాళీగా ఉంది. రెండో రోజుకి అందులో నాలుగు గ్రానైటు లారీలు ఆగి ఉన్నాయి. మూడో రోజుకి ఒకడు టీ బండి పెట్టాడు. నాలుగో రోజు నేను వెళ్ళి అడిగితే, "ఇక్కడ బాగా జాగా ఉన్నాదమ్మా, ఎవులో పుణ్యాత్ములు వదిలీసినారు" అన్నాడు.

కూర్మయ్యకి చెప్పాను. రాసి ఇమ్మన్నాడు. ఇంక రాయను.

అందుకని సోమ, గురువారాలు ఎనిమిదిన్నరకి అప్పలసూరి బండి మీద వెళ్ళి అక్కడ రోడ్డు అంచున కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. గొడుగు ఉంది. లారీ ఆగితే లేచి వెళ్ళి డ్రైవరుని పేరు, ఊరు, చదువు అడుగుతాను. మూడో ప్రశ్నకి బండి తీసేస్తాడు. ఒడిశా వాళ్ళకి భాష రాదు, వాళ్ళు మొదటి ప్రశ్నకే తీసేస్తారు. టీ బండి వాడు మాత్రం గట్టివాడు. నేను వెళ్ళినప్పుడల్లా టీ కూడా తెచ్చిస్తాడు. తాగి, మళ్ళీ పొమ్మంటాను.

నిన్న గురువారం తొమ్మిదిన్నర. రెండు ఫర్లాంగుల్లో లారీ లేదు, ఆటో లేదు, ఒక్క రాయి లేదు. టీ బండి కూడా దిగువకి దిగింది. ఎడమ లైను అంత శుభ్రంగా ఉండటం రోడ్డు వేసిన రోజున కూడా చూసి ఉండరు. దూరం నుంచి మన తెల్ల కారు వస్తూ కనిపించింది. లేచి నిలబడ్డాను.

మీ నాన్న కుడి లైనులో, నలభైలో వెళ్ళిపోయాడు. వెనక బళ్ళు పదిహేడు దాకా లెక్కపెట్టాను. జగ్గమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది.

మామ్మ